మట్టపురాయియు ఒంటిపలకయు: కంప్యూటర్ల సామర్థ్య పరీక్షల చరిత్ర, సిరొంచనుండి ఒక పరిశీలనము

ప్రాణహిత గోదావరిలో కలియుచోటికి దాపున, తూర్పు గట్టుననున్న ఊరు సిరొంచ. ఇచ్చట తెలుగు ఇంటి భాష. మరాఠీ కచేరి భాష. ఈ సరిహద్దు పిల్లలకు తెలుగు చెప్పుకొను ఉపాధ్యాయుడనగు నాకు కంప్యూటరు శాస్త్రమున ప్రత్యేక పాండిత్యమేమియు లేదు. అట్టి నేను ఈ వ్యాసమునకు పూనుకొనుటకు కారణమొక చిన్న చిక్కు. కొన్ని యేండ్ల క్రిందట మా పిల్లలకొరకు చందాల సొమ్ముతో ఒక ఒంటిపలక కంప్యూటరు కొనవలసివచ్చెను. గణనము చేయు భాగము, జ్ఞాపకము, తక్కిన సంధానములన్నియు అరచేతియంతటి ఒకే పలకపై నమర్చిన కంప్యూటరునే ఇందు ఒంటిపలక యనుచున్నాను. ఏది మేలని విచారింపగా ఒక్కొక్క పలకకు ఒక్కొక్క అంకె చెప్పబడెను. పెద్ద అంకె గలదానినే మేము కొంటిమి. కాని వేసవి మధ్యాహ్నములయందు తెలుగు పాఠమొకటి తెరచుటకే అది ఆపసోపాలు పడెను.

అంకె అబద్ధమా? కాదు. ఆ అంకెను చదువుట మాకు తెలియలేదు. ఏ పనిచేయించి, ఏ స్థితిలో నుంచి, ఎంతసేపు కొలిచిరో తెలియనిచో సామర్థ్యమును జెప్పు అంకె కొనువానికి దారి చూపజాలదు. ఈ విషయము ఈ శాస్త్ర చరిత్రయందే పలుమారులు ఋజువైనది. ఆ చరిత్రను మన ప్రాంతపు అనుభవముతో జోడించి విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. మాటల పుట్టుక

కంప్యూటరు సామర్థ్య పరీక్షకు ఆంగ్లేయులు పెట్టిన పేరు బెంచిమార్కు. ఈ మాట మొదట భూమిని కొలుచువారిది. ఒక స్థలము సముద్రమట్టమునకు ఎంత ఎత్తుననున్నదో తేల్చిన పిమ్మట, సర్వేవారు కదలని రాతిపైనో కట్టడముపైనో అడ్డముగా ఒక గాటు చెక్కుదురు. ఆ గాటున ఇనుప బద్దను బెంచివలె నిలిపి, దానిపై కొలకఱ్ఱ నుంచి చూతురు. తరువాత వచ్చువాడెవడైనను అక్కడినుండియే తన లెక్క నారంభించును. కావున దానిని మనము మట్టపు గుర్తు అనియు, అది చెక్కిన రాతిని మట్టపురాయి యనియు పిలుచుకొనవచ్చును.

మన దేశమున త్రికోణమితి మహాసర్వేకు మూలమగు ఆధారరేఖను విలియం లాంబ్టన్ 1802 ఏప్రిలులో మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంటువద్ద కొలువ నారంభించెను. ఆయన ఇరువదియేండ్లు ఉత్తరాభిముఖముగా కొలుచుకొనుచు వచ్చి, 1823 జనవరి 20వ తేదీన మా విదర్భలోనే, నేటి వార్ధా జిల్లాలోని హింగణఘాటున కన్నుమూసెను. విశేషమేమనగా, కంప్యూటరు అను మాటయు ఆ సర్వే శాఖలో వాడుకలో నుండినదే. అప్పుడది యంత్రము పేరు కాదు. కొలతలు తెచ్చి యిచ్చినపుడు లెక్కలు కట్టు మనుష్యుని ఉద్యోగపు పేరు. 1831లో ఆ కొలువున చేరిన వంగదేశీయుడు రాధానాథ్ సిక్‌దార్ పిదప ముఖ్య కంప్యూటరు పదవి నందెను. ఎవరెస్టు శిఖరపు ఎత్తును లెక్కగట్టుటలో ఆయన పేరు ప్రసిద్ధము.

మట్టపురాయికి రెండు నియమములు గలవు. మొదటిది, రాయి కదలరాదు. రెండవది, ఏ మట్టమునుండి కొలిచిరో అందరికిని తెలియవలెను. ఈ రెండింటిలో ఏది తప్పినను దానినుండి పుట్టిన లెక్కలన్నియు తప్పును. కంప్యూటర్ల పరీక్షలకును ఈ రెండే నియమములు.

2. రెండు గట్ల రూపాయి, వానకాలపు పడవ

ఈ నియమములు సిరొంచవారికి క్రొత్తవి కావు. గోదావరికి ఎడమ గట్టుననున్న ఈ సీమను నిజాము 1860 నాటి సంధివలన ఆంగ్లేయుల కిచ్చెను. సిరొంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా యేర్పడెను. 1874లో ఆ జిల్లా రద్దయి సిరొంచ తహసీలు చాందా జిల్లాలో చేరెను. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా యేర్పడినపుడు అందు చేరినది. నది కీవల చెల్లునది కల్దారు రూపాయి. ఆవల కాళేశ్వరమున చెల్లునది నిజాము హాలీ సిక్కా. రెండింటికిని రూపాయి యనియే పేరు. కాని ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దారు రూపాయలకు సమానము. పడవ దిగి సంతకు పోయినవాడు ధర వినగానే, అది ఏ రూపాయి యని యడుగవలసియుండెను. ధాన్యపు కొలతలును ఇట్టివే. మానికయు, కుంచమును, తూమును అన్నిచోట్లను కలవు. కాని ఒక సీమ కుంచము మరియొక సీమ కుంచముతో సరిపోలదు. ధాన్యము తగాదాలలో సగము కుంచపు తగాదాలే యని పెద్దలు చెప్పుచుండెడివారు.

మరియొక పాఠమును నదియే నేర్పెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట, గోదావరీ ప్రాణహితల మీదుగా నాగపురపు ప్రత్తిని సముద్రమునకు దింపవలెనని సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టెను. ఎఫ్. టి. హేగ్ నదిని పరీక్షించి 1856లో నివేదిక సమర్పించెను. దుమ్ముగూడెము, ఇంచంపల్లి, దేవలమర్రి వద్ద రాతి అడ్డంకులు మూడు గలవు. వానలనాడు నిండు గోదావరిపై పడవలు నడచును. నీరు తగ్గినంతనే రాళ్లు పైకి తేలును. కాలువలును లాకులును కట్టి వీనిని దాటింపబూనిరి. విస్తారముగా ధనము వెచ్చించిరి. కట్టకడపట 1871లో పని మానివేసిరి. వరదనాటి లోతు నదికి నిజమైన లోతే. కాని ఏడాది పొడవునను సరకు దింపవలసినవానికి కావలసినది వేసవినాటి లోతు. కంప్యూటరు విషయమున దీనినే శిఖర సామర్థ్యమనియు, నిలుకడ సామర్థ్యమనియు శాస్త్రజ్ఞులు వేరు చేయుదురు.

3. పరీక్షల చరిత్ర

తొలినాళ్లలో ఒక కూడికకు ఎంత కాలము పట్టునో చెప్పి యంత్రములను పోల్చెడివారు. కాని ఏ కార్యక్రమమును కేవలము కూడికలతో నిండియుండదు. 1959 ప్రాంతమున ఐ.బి.ఎం. సంస్థకు చెందిన జాక్ గిబ్సన్, వాడుకలోనున్న ప్రోగ్రాములలో ఏ ఆదేశము ఎన్ని పాళ్లు వచ్చుచున్నదో లెక్కించి, ఆ పాళ్లప్రకారము సగటు తీసెను. ఇది గిబ్సన్ మిశ్రమమని పేరొందెను.

తరువాతిది వెట్‌స్టోన్. ఇది ఇంగ్లండులో లీసెస్టర్‌షైరునందలి ఒక గ్రామము పేరు. అచ్చటి ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ కార్యాలయమున, కె.డి.ఎఫ్. 9 అను యంత్రము కొరకు ఆల్గాల్ భాషకు ఒక అనువాదకము రచింపబడెను. దానిద్వారా శాస్త్రజ్ఞుల ప్రోగ్రాముల స్వభావమును గూర్చిన లెక్కలు లభించెను. వాని నాధారముగా గొని కర్నో, విచ్‌మన్ అనువారు ఒక కృత్రిమ ప్రోగ్రామును గూర్చి, 1976లో కంప్యూటర్ జర్నల్ పత్రికయందు ప్రకటించిరి. దశాంశ సంఖ్యల గణనమునకు ఇది ప్రసిద్ధ పరీక్షయైనది. 1979లో జాక్ డొంగారా మొదలగువారు లిన్‌ప్యాక్ అను గణిత గ్రంథాలయపు చేపుస్తకమును వెలువరించిరి. దాని అనుబంధమున నూరు సమీకరణములను సాధించుటకు 23 కంప్యూటర్లకు పట్టిన కాలము పట్టికగా నీయబడెను. ఆ చిన్న పట్టిక సంతతియే 1993నుండి వెలువడుచున్న ఐదువందల మహాకంప్యూటర్ల జాబితా.

దశాంశ గణనము శాస్త్రజ్ఞుల పని. అక్షరములను పేర్చుట, పట్టికలను వెదకుట వంటి సామాన్యుల పనికి 1984లో రైన్‌హోల్డ్ వైకర్ డ్రైస్టోన్ అను పరీక్షను రచించెను. వెట్ అనగా తడి, డ్రై అనగా పొడి. పేరులోనే చమత్కారము కలదు. దీనికి మట్టపురాయిగా 1977 నాటి వాక్స్ 11/780 యంత్రము నిలిచినది. అది సెకండునకు 1757 డ్రైస్టోనులు చేసెను. ఆ వడి ఒక మిప్స్ అని నిర్ణయింపబడెను. నేటికిని చిన్న ప్రాసెసర్ల ప్రకటనలలో కానవచ్చు డి–మిప్స్ అంకెకు మూలమిదియే. కొను వస్తువు చేతనున్నను, దాని కొలత ఎన్నడో మూలబడిన యంత్రమును బట్టి చెప్పబడుచున్నదన్న మాట.

పరీక్షకు పేరు వచ్చినకొలది పరీక్షకొరకే చదువు విద్యార్థులు పుట్టుదురని ఉపాధ్యాయులమైన మాకు తెలియనిది కాదు. కంప్యూటర్ల యందును అట్లే జరిగినది. ప్రోగ్రామును యంత్రభాషకు మార్చు అనువాదకములు తెలివిమీరి, డ్రైస్టోనులో ఫలితము ఎవరికిని అక్కరపడని భాగములను చేయకయే దాటవేయసాగెను. 1988లో దానిని సవరించి రెండవ కూర్పు తేవలసివచ్చెను. ఆ యేడాదియే కంప్యూటరు నిర్మాతలు కలసి స్పెక్ అను సంఘమును స్థాపించి, కృత్రిమ ప్రోగ్రాములకు బదులు వాడుకలోని ప్రోగ్రాముల కట్టనే పరీక్షగా నేర్పరచిరి. అందును మాట్రిక్స్–300 అను ఒక భాగమును క్రొత్త అనువాదకములు అమితముగా వేగిరపరచుటచే మొత్తపు సగటే పెరిగిపోయెను. 1992 కూర్పున ఆ భాగమును తొలగించిరి. చిన్న ప్రాసెసర్ల కొరకు 2009లో వెలువడిన కోర్‌మార్కు ఈ తప్పులను తలచి రచింపబడినది. ఫలితమును ముందుగా ఊహించి దాటవేయుటకు అందు వీలు తక్కువ.

4. ఒంటిపలకల వంశము

మన తెలుగునాట కంప్యూటర్ల నిర్మాణమునకు ఆద్యస్థానము హైదరాబాదు. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడెను. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన ఆయన ఏ.ఎస్. రావుగా ప్రఖ్యాతులు. ట్రాంబేయందు 1969లో రూపొందిన టి.డి.సి.–12, పిమ్మట టి.డి.సి.–312, టి.డి.సి.–316 యంత్రములను ఈ సంస్థ నిర్మించెను. అవి అనేక పలకలను కూర్చిన యంత్రములు.

ఒకే పలకపై సమస్తమును ఇముడ్చుట మైక్రోప్రాసెసరు పుట్టిన తరువాతి మాట. 1976లో మాస్ టెక్నాలజీ సంస్థ కిమ్–1 అను పలకను 245 డాలర్లకు విక్రయించెను. దాని జ్ఞాపకము సుమారు ఒక కిలోబైటు. ఆ యేడాదియే ఇంటెల్ సంస్థ ఎస్.బి.సి. 80/10 అను పలకను వెలువరించెను. మన ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో 8085 ప్రాసెసరు గల శిక్షణ పలకలపై పదారంకెల కోడును వ్రేళ్లతో నొక్కి నేర్చుకొన్న విద్యార్థులు వేలకొలది. సామాన్య గృహస్థునకును పాఠశాలకును అందుబాటైన పలక 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండున వెలువడిన రాస్‌బెర్రీ పై. పిల్లలకు ప్రోగ్రాము రచన నేర్పుటయే దాని నిర్మాతల మొదటి ఉద్దేశము.

దాని వంశమును బట్టియే అంకెల చిక్కు తేటపడును. 2012 నాటి పలక గడియారపు వడి 700 మెగాహెర్ట్జులు. 2023 నాటి ఐదవ తరమునకు 2.4 గిగాహెర్ట్జులు. గడియారము మాత్రము చూచినచో పెరుగుదల మూడున్నర రెట్లకు లోపే. కాని తొలి పలకలో గణనము చేయు అంగమొక్కటియే; 2015 నాటి రెండవ తరమునుండి నాలుగు. మరియు ఒక్కొక్క గడియారపు కొట్టునకు క్రొత్త ప్రాసెసరు చేయు పనియు హెచ్చు. కనుక అసలు పెరుగుదల గడియారము చెప్పినదానికంటె మిక్కిలి యధికము. అయినను నాలుగు అంగములున్నంతమాత్రమున ప్రతి పనియు నాలుగు రెట్లు వేగిరపడదు. జీన్ ఆమ్‌డాల్ 1967లో ప్రతిపాదించిన సూత్రము దీనిని వివరించును. నూరు నిమిషముల పనిలో గణనము 40 నిమిషములు, కార్డునుండి పాఠమును చదువుట 60 నిమిషములు అనుకొందము. గణనము నాలుగు రెట్లు వేగమైన 10 నిమిషములకు తగ్గును. మొత్తము 70 నిమిషములగును. ప్రకటనలో నాలుగు రెట్లు. మన యింట నూటికి ముప్పది మాత్రమే ఆదాయము.

5. ఎండ, కరెంటు, కార్డు

పెద్ద కంప్యూటరునకు గాలిమర, స్థిరమైన విద్యుత్తు సహజముగా నమరియుండును. ఒంటిపలక దిగంబరము. రాస్‌బెర్రీ పై పలకల ప్రాసెసరు 80 డిగ్రీలు దాటినంతనే తన్ను తాను కాపాడుకొనుటకై వడి తగ్గించుకొనును. విద్యుత్తు 4.63 వోల్టులకు దిగజారినపుడు హెచ్చరికను చూపును. ఇతర పలకలకును ఇట్టి కట్టుబాట్లు కలవు. ఇవి దోషములు కావు. యంత్రము కాలిపోకుండ చేసిన ఏర్పాట్లు. కాని చల్లని గదిలో కొలిచిన అంకెలో ఇవి కానరావు. మా విదర్భలో మే మాసపు గదియే సగము కొలిమి.

మా పలక సంగతి తేల్చుటకు పిల్లలతో కలసి ఒక పరీక్ష నేర్పరచితిని. ఒక పెద్ద తెలుగు పాఠ్యమునందలి మాటలను విడదీసి, ఎంచి, అకారాది క్రమమున పేర్చుట పని. మొదట ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి ఒక్కొక్క నిమిషము నడిపితిమి. భేదమే కానరాలేదు. ఎండ కారణము కాదని నేను తీర్పు చెప్పితిని. ఆ తీర్పు తప్పు. ఒక విద్యార్థిని, పాఠము గంటసేపు జరుగుచుండగా పరీక్ష నిమిషమేమని ప్రశ్నించెను. ఆమె మాట ప్రకారము అదే పనిని మరల మరల అరగంట నడిపితిమి. ఆరంభమున రెండు పూటలును సమానమే. పోనుపోను మధ్యాహ్నపు పలక వెనుకబడసాగెను. ఉదయపు పలక మాత్రము తుదివరకు ఒకే తీరున నడచెను. ప్రాసెసరుపై అల్యూమినియపు బిళ్ల అతికి చిన్న గాలిమర నుంచిన పిమ్మట ఆ భేదము చాలవరకు పోయెను.

ఇంకొక కారణమును పిమ్మట తెలిసినది. చేతికి దొరికిన ఫోను చార్జరుతో నడిపినపుడు హెచ్చరిక మెరయుచుండెను. తగిన చార్జరు మార్చగా అది నిలిచెను. పాత కార్డుకు బదులు మంచి కార్డు వేయగా పాఠము తెరచుకొను కాలము తగ్గెను. పలకను మార్చలేదు. ప్రాసెసరు అంకెయు మారలేదు. అయినను పిల్లలకు అది క్రొత్త యంత్రమైనది. పెద్ద అంకె కొరకు వెచ్చించిన అదనపు సొమ్ములో కొంత మంచి చార్జరునకును, కార్డునకును మొదటనే వెచ్చించియుండినచో, పిల్లలు ఒక వేసవి చదువు నష్టపోకయుండెడివారు.

6. తెలుగు అక్షరపు బరువు

ప్రసిద్ధ పరీక్షలలో దేనియందును తెలుగు లేదు. తెలుగునకు యూనికోడ్ ప్రమాణమున 1991 నాటి తొలి కూర్పునందే చోటు దొరకినది. నేడు ఎక్కువగా వాడబడు యూటీఎఫ్–8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. ‘అమ్మ’ యన్న మాటకు అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతములు, పండ్రెండు బైట్లు. ‘స్త్రీ’ యన్నది మనకు ఒక్క అక్షరము; యంత్రమునకు స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి అని ఆరు సంకేతములు, పదునెనిమిది బైట్లు. మరాఠీవారి దేవనాగరికిని ఇదే లెక్క. ఇందువలన పని మూడింతలగునని కాదు. కాని సంకేతములను కూర్చి, ఒత్తును క్రిందికి దించి, గుడిని తగిన హల్లుపై నిలిపి తెరపై అక్షరమును దిద్దు పని యొకటి అదనముగా కలదు. ఆంగ్లపుటను చూపి వేగముగా నున్నదనిన అంగడివాడు అసత్యమాడలేదు. మన పుటను పరీక్షింపలేదు, అంతియే.

7. ఉపసంహారము

సరిహద్దు పాఠశాలలకు తెలుగు సంఘములవారు కంప్యూటర్లను దానము చేయుచుండుట మిక్కిలి శ్లాఘనీయము. వారికి నా విన్నపము లివి. కొనుటకు ముందు పిల్లలు చేయబోవు పనియేదో నిర్ణయించి, ఆ పనినే పరీక్షగా నుంచవలెను. తెలుగు పుట, తెలుగు పాఠ్యముతోనే నడిపి చూడవలెను. పాఠమెంతసేపో పరీక్ష అంతసేపు నడువవలెను. కొలిచిన గంట, గది వేడిమి, చార్జరు, కార్డు, ప్రోగ్రాము కూర్పు అన్నియు కొలత ప్రక్కనే వ్రాయవలెను. ఒకసారి కొలిచి విడువక పలుమారులు కొలిచి, వానిలో మిక్కిలి మెల్లగా నడచినదానిని కూడ దాచక వ్రాయవలెను. సొమ్మును పలకకు మాత్రమే కాక చల్లదనమునకును విద్యుత్తునకును పంచవలెను.

ఈ వివరములతో మా పాఠశాలలో ఒక కొలతల పుస్తకము నారంభించితిమి. క్రొత్త పలక ఏది వచ్చినను అదే తెలుగు పాఠ్యమును అరగంట నడిపి, ఫలితమును పాతవాని క్రింద వ్రాయుచున్నాము. గాటు చెక్కిన రాతివలె ఆ పాఠ్యమును మేము మార్చము. గోదావరి కావలిగట్టున గాని, చాందా, నాగపురములలో గాని తెలుగు బోధించు సోదరోపాధ్యాయులు అదే విధముగ కొలిచి తెలిపినచో, రెండు గట్లను ఒకే రూపాయి చెల్లునట్లు, మన పాఠశాలలకెల్ల ఒకే కొలత యేర్పడును. పాఠ్యమును కోరినవారికి పంపగలము. ఇందలి లోపములను విజ్ఞులు తెలుపుదురు గాక.